బెల్లం కత్తి

"బియ్యంతో చేసిన కత్తి మనిషి ఒంట్లో దిగుతుందా?"

అరుంధతి అడిగిన ప్రశ్నకు జాన్ టేబుల్ మీద పెట్టిన తన రెండు చేతుల వైపు చూసుకున్నాడు. ఆ చేతుల్ని లక్షలమంది గుర్తుపడతారు. ముఖం మాత్రం ఎవరికీ తెలియదు. అతని వీడియోల్లో ఎప్పుడూ చేతులే కనిపిస్తాయి. సబ్బు, పాత పేపర్లు, ఎండు చేప, గట్టిపడిన పాలు, ఇలా ఇంట్లో ఏది దొరికితే దానితో కత్తి చేసి, చివర్లో దానితో ఒక టమాటా కోసి చూపిస్తాడు. మిర్యాలగూడలో చిన్న గదిలో కూర్చుని చేసిన ఆ పని ఇప్పుడతన్ని పోలీసుల ముందు కూర్చోబెట్టింది.

"చెప్పు జాన్. దిగుతుందా?"

"దిగుతది మేడం," అన్నాడు చివరికి. "కానీ ఒక్కసారే. రెండోసారికి ఇరుగుతది."

"మొదటిసారికే విరిగింది. జనార్దన్ గారి పక్కటెముకల మధ్య రెండు ముక్కలు దొరికాయి. మిగిలినదాన్ని చంపినవాడు అదే ఇంట్లో, పొయ్యి మీది వేడినీళ్లలో వేసి వెళ్లిపోయాడు. పోలీసులు వచ్చేసరికి ఆ గిన్నెలో గంజి తప్ప ఏమీ లేదు."

జాన్ చేతులు టేబుల్ కిందకు పోయాయి.

సూర్యాపేటలో ఒంటరిగా ఉండే జనార్దన్ వారం కిందట తన సొంత ఇంట్లో హత్యకు గురయ్యాడు. అంతకుముందే ఆయన ఇంట్లో రెండు కత్తులు కనబడ్డాయి. మొదటిది స్నానాలగదిలో, గంధపు సబ్బుతో చేసింది. ఆ సబ్బులు ఆయన బీరువాలోంచి పోయినవే. రెండోది ఆయన దిండు మీద పెట్టి ఉంది. పాత పేపర్లు ఒకదాని మీద ఒకటి అతికించి, చెక్కలా గట్టిపరచి చేశారు. ఏదో సన్మాన సభలో తీసిన ఆయన ఫోటో సరిగ్గా అంచు మీదకు వచ్చేలా చూసుకున్నారు. పదును పెట్టినప్పుడు ఆ ఫోటోలో మెడ దగ్గర తెగింది. మూడో కత్తిని ఆయన తప్ప ఎవరూ చూడలేదు.

అరుంధతి చాలాకాలం ఫోరెన్సిక్ ల్యాబులో పనిచేసి, ఆ ఉద్యోగం మానేసి సూర్యాపేటలో డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకుంది. జనార్దన్ చెల్లెలి భర్త హరీష్ ఆమెకు ఈ కేసు అప్పజెప్పాడు. ఎన్నో శవాలను చూసినామె. అయినా ఆ పేపరు కత్తిని పట్టుకున్న రోజు నుంచి ఆమెకు సరిగ్గా నిద్ర లేదు. ఇంట్లో సబ్బు ఎక్కడ పెట్టిందో, దువ్వెన ఎక్కడ ఉందో వెతుక్కుంటోంది. కనబడేదాకా ఊపిరి ఆడటం లేదు.

"నేను సంపలే మేడం," అన్నాడు జాన్. "చేసిన. అంతే."

"ఎవరికోసం?"

"తెల్వదు. ఫోన్ చేసేటోడు. సామాను పంపిస్త, కత్తి చేసియ్యి, వీడియో మాత్రం పెట్టకు అన్నడు. ఎవరింట్ల సామానుతోటి వాళ్లకే గిఫ్టు ఇస్తడంట. నాకు కొత్తగ అనిపిచ్చింది. సబ్బుది చేసిన, పేపర్లది చేసిన, బియ్యంది చేసిన. ఆఖరుకు బెల్లంది. చేసినంక కోదాడ బస్సు డ్రైవరుకు ఇచ్చేది. గాడ ఎవరు తీసుకునేటోళ్లో నాకు తెల్వదు."

"అనుమానం రాలేదా?"

"బియ్యందానికి మొన గట్టిగ రావాలె అన్నడు. గిఫ్టుకు మొన ఎందుకు సార్ అని అడిగిన." జాన్ తల ఎత్తాడు. "నవ్విండు. 'పొడిచేది మీరు కాదు కదండి, మీకు భయమెందుకండి' అన్నడు. పరాచికం అనుకున్న. ఆ పేపర్ల మీదున్న మనిషి ఫోటో టీవీల సూసినంక నాకు జ్వరమొచ్చింది."

"అండి అన్నాడా?"

"ఆ. మన లెక్క గాదు మేడం. ఉంటుందండి, చూడండి... గిట్ల. కోదాడ దిక్కు మాట. మస్తు మర్యాద."

అరుంధతి ఇంకేదో అడగబోతుండగా తలుపు తోసుకుని ఇన్‌స్పెక్టర్ సుధీర్ లోపలికి వచ్చాడు. ఈ కేసు కోసం వేసిన ప్రత్యేక బృందానికి అతనే పెద్ద. మొన్న సాయంత్రం జాన్‌ని పట్టుకున్నది అతనే. అరుంధతి ఈ గదిలో కూర్చోవడం అతనికి ముందునుంచీ ఇష్టం లేదు.

"అయిపోయిందా మేడం మీ పరీక్ష?"

"ఇతను చేసేవాడు మాత్రమే సుధీర్ గారూ. చేయించినవాడు వేరే ఉన్నాడు."

"దొంగ ప్రతిసారీ గిదే చెప్తడు. నా ఎనుక ఇంకోడున్నడు అని." సుధీర్ ఫోన్ తీసి ఆమె ముందు పెట్టాడు. "సరే, ఇది సూడండి. పొద్దున కోదాడల జనార్దన్ చెల్లెలు సుకన్య ఇంటి గడప మీద దొరికింది."

ఫోటోలో పసుపు రాసిన గడప. దాని మీద గోధుమరంగు కత్తి. కానిస్టేబుల్ తీసిన ఫోటో కాబట్టి దగ్గరగా, స్పష్టంగా ఉంది. అంచు మీద వెలుతురు పడి గాజులా మెరుస్తోంది.

జాన్ కూడా చూశాడు. "నాదే," అన్నాడు మెల్లగా. "గదే బెల్లంది."

"మొన్నటి నుంచి ఇతను మీ కస్టడీలో ఉన్నాడు," అంది అరుంధతి. "మరి దీన్ని ఎవరు పెట్టారు?"

"వీని దోస్తు ఎవడో ఉంటడు."

"ఉంటే పేరు చెప్పించండి."

"మీరు ల్యాబుల సీసాలు కడిగినరు మేడం. నేను మనుషుల్ని చూసిన," అన్నాడు సుధీర్ గట్టిగా. "కేసు నాది. కోదాడకు రావాలనుంటే రండి. నా పనికి అడ్డం మాత్రం రాకండి."

*

కోదాడలో హరీష్ వాళ్ల ఇల్లు కొత్తగా కట్టినది. ముందు చిన్న గేటు, రెండు మెట్లు, గడప. హరీష్ ఒక ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. గేటు దాకా ఎదురొచ్చి ఇద్దరికీ నమస్కారం పెట్టాడు.

"రండి మేడం. రండి సార్. సుకన్య బాగా భయపడిపోయిందండి. పొద్దుటి నుంచీ మంచినీళ్లు కూడా ముట్టలేదు."

సుకన్య ముందుగదిలో కుర్చీ అంచు మీద కూర్చుని ఉంది. ముప్పై ఏళ్లు దాటి ఉండవు. అన్న పోయిన దుఃఖం కళ్ల కింద నల్లగా ఉంది. అరుంధతి వైపు చూసి, వెంటనే భర్త వైపు చూసి, తల దించుకుంది.

"ఎప్పుడు చూసినవమ్మా?" అడిగాడు సుధీర్.

"తెల్లారంగనే తలుపు తీసిన. గడప మీద ఉన్నది. ముట్టుకోలే. ఈయన్ని లేపిన."

"రాత్రి గేటు చప్పుడైందండి," అన్నాడు హరీష్. "పదకొండు దాటాక. కుక్కేమో అనుకుని పట్టించుకోలేదు. అప్పుడే పెట్టి వెళ్లినట్టున్నారు. రాత్రంతా మా గడప మీదే ఉందన్నమాట. తలుచుకుంటే ఒళ్లు జలదరిస్తోందండి."

"బెల్లం మీ ఇంట్లోదేనా?" అరుంధతి సుకన్యను అడిగింది.

సుకన్య తలూపింది. "అచ్చు పోయింది. నెల రోజుల కింద. ఎలుక ఎత్తుకపోయిందేమో అనుకున్న."

అరుంధతి లేచి బయటకు వెళ్లింది. కత్తిని అప్పటికే కవరులో వేశారు. కవరు లోంచే దాన్ని వెలుతురుకు పెట్టి చూసింది. పొడిగా ఉంది. మొన దగ్గర నుంచి పిడి దాకా ఒక్క మరక లేదు. ఆమె మోకాళ్ల మీద కూర్చుని గడపను చూసింది. పక్కనే గోడ పగులులోంచి నల్లచీమల బారు ఒకటి బయలుదేరి, మెట్టు మీద పడిన బిస్కెట్టు ముక్క దాకా పోతోంది.

ఆమె వంటగదిలోకి వెళ్లి డబ్బాలోంచి చిటికెడు బెల్లం తెచ్చి, కత్తి దొరికిన చోట పెట్టింది.

సుధీర్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. "పూజనా మేడం?"

"ఒక్క చాయ్ తాగేంతసేపు ఆగండి."

చాయ్ హరీషే కలిపి తెచ్చాడు. అరుంధతి కప్పు పట్టుకుంది గాని తాగలేకపోయింది. ఎందుకో ఆమెకే తెలియలేదు. మళ్లీ గడప దగ్గరకు వెళ్లేసరికి బెల్లం కనబడలేదు. దాని చోట చీమలు నల్లటి ముద్దలా కదులుతున్నాయి. బారు మెట్టు దిక్కు వదిలి ఇటు తిరిగింది.

కానిస్టేబుల్ తీసిన ఫోటోను సుధీర్ ఆమెకూ పంపాడు; దాన్ని ఫోన్‌లో పెద్దది చేసి మళ్లీ చూసింది. ఒక్క చీమ లేదు. మంచు తడి కూడా లేదు. గడప పసుపు మీద మాత్రం తేమ మెరుస్తోంది.

కత్తి రాత్రంతా ఇక్కడ లేదు. పోలీసులు రావడానికి కాసేపటి ముందే ఎవరో దాన్ని తెచ్చి పెట్టారు. తెల్లారాక వీధిలోంచి వస్తే ఎవరైనా చూసేవారు. గేటు లోంచి కాదు, ఇంట్లోంచి. గడప మీద చూశానని సుకన్య చెప్పింది అబద్ధం. గేటు చప్పుడు విన్నానని హరీష్ చెప్పింది కూడా అబద్ధమే. ఇద్దరూ ఒకే అబద్ధం చెప్పారు. ఒకరి మాటకు ఒకరు ముడి వేశారు. కానీ చెబుతున్నంతసేపూ సుకన్య తల ఎత్తి భర్తను చూడలేదు.

ఆమెతో ఒంటరిగా మాట్లాడాలి.

అరుంధతి లోపలికి వచ్చి మామూలుగా అంది: "హరీష్ గారూ, మీ పాప స్కూల్లో ఉందా? ఇలాంటప్పుడు బయట ఉండటం మంచిది కాదు. మీరే వెళ్లి తీసుకొస్తే బాగుంటుంది."

హరీష్ ఆమె కళ్లలోకి ఒక్క క్షణం చూశాడు. తర్వాత భార్య వైపు చూసి నవ్వాడు.

"నేనూ అదే అనుకుంటున్నానండి. వైష్ణవిని తెచ్చేస్తాను. మీరు మాట్లాడుకోండి."

కారు గేటు దాటింది. సుధీర్ బయట నిలబడి ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. అరుంధతి సుకన్యను వంటగదిలోకి తీసుకెళ్లి తలుపు దగ్గరగా వేసింది.

"గడప మీద చీమలు పట్టలేదు సుకన్యా. కత్తి నువ్వే పెట్టావు."

సుకన్య రెండు చేతులతో గట్టును పట్టుకుంది.

"నేను నీ మీద కేసు పెట్టడానికి రాలేదు. నీకు ఎక్కడ దొరికింది?"

ఆమె కిటికీలోంచి గేటు వైపు చూసింది, గోడ వైపు చూసింది. అరుంధతి తొందరపెట్టలేదు. చివరికి సుకన్య మొదలుపెట్టినప్పుడు గొంతు పక్కగదికి కూడా వినపడనంత మెల్లగా వచ్చింది.

"ఆయన బీరువాల. ఇస్త్రీ బట్టలు పెడుతుంటె తగిలింది. అంగీల కింద, కవర్ల చుట్టి ఉన్నది. అన్న ఇంట్ల దొరికిన కత్తుల సంగతి నాకు తెల్సు. ఇది నా కోసమే అని అర్థమైంది." ఆమె చీర కొంగును పిడికిట్లో నలిపింది. "ఇంట్ల దొరికింది అని పోలీసులకు చెప్తే నేను బతుకుతనా మేడం? అందుకే గడప మీద పెట్టి ఒర్లిన. పోలీసులు ఇంటికొస్తరు కదా, ఎవరో ఒకరు సూస్తరు కదా అనుకున్న. ఆయన నా కేక ఇని వచ్చి దాన్ని చూసిండు. నన్ను చూసిండు. ఏమనలే. తర్వాత పోలీసులకు గేటు చప్పుడైంది అని ఆయనే చెప్పిండు."

"కొడతాడా నిన్ను?"

"కొట్టడు. తిట్టడు. గొంతు కూడ పెంచడు." ఆమె నవ్వబోయి ఆగిపోయింది. "ఇంట్ల ఏదో ఒకటి మాయమైతది. కొన్ని దినాలకు మళ్ల వస్తది, ఇంకో తీరుగ. మా అమ్మ చీర ఒకటి ఉండేది. వెతికి వెతికి యాస్టకొచ్చిన. ఒకరోజు చూస్తే గ్యాసు పొయ్యి తుడిచే గుడ్డలు పది, మంచిగ మడత పెట్టి ఉన్నయి. నా పెండ్లి గాజులు పోయినయి. పూలకుండీల మట్టి మీద రంగు రంగుల పొడి కనబడింది. 'ఇంట్లో వస్తువు ఇంట్లోనే ఉంది కదా సుకన్యా, ఎందుకు వెతుకుతావు' అంటడు. నవ్వుకుంట."

"మీ అన్నకు తెలుసా ఇవన్నీ?" అంది అరుంధతి.

"అన్నకు చెప్పిన. పాపను తీస్కొని వచ్చెయ్, నేను ఉన్న అన్నడు. గా సంగతి ఆయనకు ఎట్ల తెల్సిందో. తర్వాత అన్న ఇంట్ల సబ్బులు మాయమైనయి."

సూర్యాపేట ఇంట్లోకి హరీష్ ఎప్పుడైనా వెళ్లేవాడు. సొంత చెల్లెలి భర్త. బీరువా దగ్గర నిలబడినా, బియ్యం డబ్బా తెరిచినా అడిగేవాళ్లు లేరు. కేసు కూడా అతనే అప్పజెప్పాడు. ఎక్కడిదాకా వచ్చారండి అని రోజూ ఫోన్ చేసి మర్యాదగా అడిగేవాడు. ప్రతి రోజూ ఆమె అతనికి అంతా చెప్పింది.

అరుంధతి తలుపు తీసి సుధీర్‌ని లోపలికి పిలిచి, విన్నదంతా చెప్పింది.

అతను నమ్మలేదు. "హరీష్ గారా? అంత్యక్రియలన్నీ ఆయనే దగ్గరుండి చేయించిండు. చీమల లెక్క పట్టుకొని ఒక లెక్చరర్‌ని అరెస్టు చెయ్యమంటరా? నాకు రుజువు కావాలె మేడం."

"జాన్‌కి ఇతని గొంతు వినిపించండి. అంతవరకైనా చేయండి."

"సార్," అంది సుకన్య. ఇద్దరూ తిరిగి చూశారు. ఆమె గోడ గడియారం వైపు చూస్తోంది. "స్కూలు ఈ సందు చివర్నే. నడిచిపోయినా ఈపాటికి వచ్చెయ్యాలె."

సుకన్య పక్కగదిలోకి పరుగెత్తింది. వస్తువులు కింద పడుతున్న చప్పుడు. అరుంధతి వెళ్లేసరికి ఆమె కూతురి పుస్తకాల అరలోంచి అన్నీ తీసి నేల మీద పడేస్తోంది.

"రంగు పెన్సిళ్ల డబ్బా," అంది. "నిన్న కూడ అడిగింది బిడ్డ. పోయినయమ్మా అన్నది. నేను సరిగ్గ వినలే. స్కూల్ల మర్చిపోయినవేమో అన్న. మేడం, పెన్సిళ్లు లెవ్వు."

అరుంధతి ఫోన్ తీసి హరీష్ నంబరుకు కలిపి, స్పీకరు పెట్టింది. రెండుసార్లు మోగాక ఎత్తారు. హరీష్ కాదు.

"హలో ఆంటీ, మీరేనని నాన్న చెప్పాడు," అంది పిల్ల గొంతు. వెనక ఇంజను మోత, గాలి.

"వైష్ణవీ, ఎక్కడున్నారమ్మా?"

"కార్లో. సిమెంటు లారీలు వస్తున్నాయి, చాలా దుమ్ము. కృష్ణా నదికి తీసుకెళ్తున్నాడు నాన్న. నాన్న నాకు గిఫ్టు ఇచ్చాడు ఆంటీ. నా పెన్సిళ్లన్నీ అతికించి చేశాడంట. నాన్నే చేశాడు. ఎంత నున్నగా ఉందో, అన్ని రంగులూ చారలు చారలుగా కనిపిస్తున్నాయి."

సుకన్య రెండు చేతులతో నోరు మూసుకుంది.

"బంగారూ, అది చేత్తో పట్టుకోకు. పక్కన పెట్టెయ్యి."

"కవర్లోనే ఉంది. అమ్మ వచ్చాకే తీయాలంట. అమ్మ వస్తోందా?"

ఫోన్ చేతులు మారింది.

"మేడం," అన్నాడు హరీష్. గొంతులో తొందర లేదు. "గడప మీద బెల్లం పెట్టినప్పుడే అనుకున్నానండి, మీరు తెలివైనవారని. మఠంపల్లి దాటాక ఏటి ఒడ్డున ఉంటాం. సుకన్యను పంపండి. ఒక్కదాన్నే. సుధీర్ గారు పక్కనే ఉండి ఉంటారు, ఆయన జీపు నాకు కనబడితే మాత్రం ఇక నేను చేసేదేమీ ఉండదు. నాకు నా ఇంట్లో వస్తువులు నా ఇంట్లోనే ఉండాలండి. అంతే."

లైను తెగిపోయింది.

సుధీర్ ఫోన్ తీశాడు. "నాలుగు దిక్కులా నాకాబందీ పెట్టి బండ్లన్ని ఆపిస్త," అన్నాడు నంబరు నొక్కుతూ. మళ్లీ ఆగాడు. "జీపు కనబడితే అన్నడు." అప్పటిదాకా అరుంధతిని ఏదీ అడగని మనిషి ఇప్పుడామె వైపు చూశాడు. "ఏం చేద్దాం మేడం?"

"మీ సొంత కారు ఉంది కదా, సైరన్ లేనిది. నేను వెనక సీటు కింద పడుకుంటాను. మీరు వేరే బండిలో దూరంగా, లారీల వెనక రండి. ముందు సీట్లో డ్రైవరు కావాలి. కానిస్టేబుల్‌ని పెడితే హరీష్ కనిపెట్టేస్తాడు. అసలు సుకన్య ఒక్కతే ఎలా వస్తుందని అతను అనుకుంటున్నాడు, ఆటోలోనా?"

"ఆటో కోసమే చూస్తుంటడు," అంది సుకన్య. "బస్సు, ఆటో. వేరేది నాకు రాదని ఆయనకు తెల్సు."

ఆమె నోటి మీది చేతులు తీసేసింది. ఒక చేతిని సుధీర్ ముందు చాచింది.

"తాళాలు ఇయ్యండి సార్. పోయిన ఎండకాలం పుట్టింటికి పోయినప్పుడు అన్న నాకు కారు నేర్పిండు. ఒకరోజు నువ్వే నడుపుకుంట రావాలె అన్నడు."

సుధీర్ జేబులోంచి తాళాలు తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"ఈయనకు చెప్పలే," అంది సుకన్య, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగుతూ. "నా గురించి ఈయనకు తెల్వంది గిదొక్కటే."